కొండదారికి పాత బండి.. పరీక్షించి కొంటేనే భరోసా

* పేరుకు ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే చాలదు
* ముందు చక్రాలు తిరుగుతున్నాయో లేదో తేల్చుకున్నాకే బయానా ఇవ్వాలి

పాడేరు: తొలకరి పడితే మన్యంలో దారుల తీరు మారిపోతుంది. వేసవిలో దుమ్ము రేగిన మట్టిబాట జులై నాటికి ఎర్రటి అడుసుగా మారుతుంది. గెడ్డ పొంగితే ఆవలి ఒడ్డున ఉన్న ఊరు ఆవలే నిలిచిపోతుంది. రోగులను, గర్భిణులను డోలీలో మోసుకొచ్చిన ఉదంతాలు వానాకాలంలో తరచూ వినవస్తుంటాయి. అటువంటి దారుల్లో తిరగవలసిన కుటుంబాలకు, కాఫీ, మిరియాలు పండించే రైతులకు ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనం విలాసం కాదు, అవసరం. ఏడుగురు కూర్చునే కొత్త ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొనాలంటే పదిహేను లక్షల రూపాయల పైమాటే. అందుకే చాలామంది చూపు పాత వాహనాలపై పడుతోంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. పాత కారు కొనేటప్పుడు ఇంజిను, టైర్లు, కాగితాలు చూస్తే సగం పని అయినట్టే. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి అది చాలదు. పట్టణాల్లో తిరిగిన ఇటువంటి వాహనాల్లో యజమాని ఆ సదుపాయాన్ని ఏళ్ల తరబడి వాడకుండానే అమ్మేయడం కద్దు. వాడని యంత్రం బిగుసుకుపోతుంది. వెనుక ‘4×4’ అని రాసి ఉన్నంత మాత్రాన ముందు చక్రాలకు శక్తి అందుతుందన్న హామీ లేదు. ఆ సంగతి నడిరాత్రి, వానలో, బండిలో రోగి ఉన్నప్పుడు తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు.

ముందుగా దారిని కొలవాలి

బండిని ఎంచుకునే ముందు అది తిరగబోయే దారిని ఎంచి చూడాలి. మాడుగుల మీదుగా పాడేరు ఎక్కే ఘాట్, శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే ఘాట్, నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి చేరే దారి.. ఇవన్నీ తారురోడ్లే. వీటిపై వెనుక చక్రాలతో నడిచే బొలెరో, ఇన్నోవా వంటి వాహనాలు మంచి టైర్లు, మంచి బ్రేకులు ఉంటే నిక్షేపంగా తిరుగుతాయి. ప్రధాన రహదారి వదిలి గూడేనికి వెళ్లే ఆఖరి నాలుగైదు కిలోమీటర్లే ఫోర్‌వీల్ డ్రైవ్ అవసరాన్ని నిర్ణయిస్తాయి. ఆ దూరంలో అడుసు ఉందా, రాళ్లు తేలిన ఎత్తు ఉందా, గెడ్డ దాటాలా అన్నది చూసుకోవాలి. ఇవేవీ లేకుంటే అదనపు ధర, అదనపు బరువు, అదనపు ఇంధనం భరించడంలో అర్థం లేదు.

2హెచ్, 4హెచ్, 4ఎల్.. ఏమిటివి?

చాలా వాహనాల్లో మామూలుగా వెనుక చక్రాలకు మాత్రమే శక్తి వెళుతుంది. దీన్నే 2హెచ్ అంటారు. గేర్‌బాక్సు వెనుక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు అనే పెట్టె ద్వారా ముందు చక్రాలను కూడా కలిపితే అది 4హెచ్. అడుసులో, ఇసుకలో, జారుడు దారిలో ఇది పనికొస్తుంది. 4ఎల్ వేస్తే వేగం తగ్గి లాగే బలం సాధారణంగా రెండు నుంచి రెండున్నర రెట్లు పెరుగుతుంది. నిట్రమైన రాళ్ల ఎత్తు ఎక్కడానికి, నిదానంగా దిగడానికి, కూరుకుపోయిన బండిని లాగడానికి ఇదే ఆధారం.

ఈ తరహా బండిని ఎండిన తారురోడ్డుపై 4హెచ్‌లో నడపరాదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక వాటికంటే ఎక్కువ దూరం తిరగవలసి ఉంటుంది. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సరిపోతుంది. గట్టి రోడ్డుపై జారే వీలులేక ఒత్తిడి అంతా ట్రాన్స్‌ఫర్ కేసుపై, షాఫ్టులపై పడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. అలా నడిపిన బండి లోపల అరిగిపోయి ఉంటుంది. అందువల్ల అమ్మేవారిని ‘ఫోర్‌వీల్ ఎప్పుడెప్పుడు వేసేవారు?’ అని అడగాలి. ‘ఘాట్‌రోడ్డు మీద ఎప్పుడూ ఫోర్‌వీల్‌లోనే’ అని గర్వంగా చెబితే అనుమానించవలసిందే. ‘ఒక్కసారీ వేయలేదు’ అన్నా అనుమానించవలసిందే.

ముందు, వెనుక షాఫ్టుల మధ్య వేగం తేడాను సర్దే ఏర్పాటు ఉండి అన్ని వేళలా నాలుగు చక్రాలతో నడిచే వాహనాలూ, అవసరమైనప్పుడు తనంతట తానే రెండో జత చక్రాలను కలుపుకొనే వాహనాలూ ఉన్నాయి. రెనో డస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ500ల్లో నాలుగు చక్రాల రకాలు రెండో కోవలోనివి. వీటిలో 4ఎల్ ఉండదు. జారుడు రోడ్డుకు ఇవి చాలు. బరువుతో రాళ్ల ఎత్తు ఎక్కాలంటే 4ఎల్ ఉన్న బండే మేలు.

ఒకే పేరు.. వేర్వేరు బండ్లు

కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడేది పేరు దగ్గర. టాటా సఫారీ 1998లో వచ్చింది. పాత సఫారీలో, 2012లో వచ్చిన స్టార్మ్‌లో ఫోర్‌వీల్ డ్రైవ్ రకాలు ఉన్నాయి. 2021లో అదే పేరుతో వచ్చిన కొత్త సఫారీ ముందు చక్రాలతో మాత్రమే నడిచేలా విడుదలైంది. మహీంద్రా స్కార్పియో 2002 నుంచి ఉన్నా అందులో అధికభాగం వెనుక చక్రాల రకమే. 2022లో విడుదలైన స్కార్పియో-ఎన్‌లో ఫోర్‌వీల్ డ్రైవ్ రకాలు ఉండగా, అదే ఏడాది వచ్చిన స్కార్పియో క్లాసిక్‌ను వెనుక చక్రాల రకంగానే తెచ్చారు. థార్‌లోనూ 2023 జనవరి నుంచి వెనుక చక్రాల రకాలు వచ్చాయి. టయోటా ఫార్చూనర్‌ను 2009లో మన దేశంలో ఫోర్‌వీల్ డ్రైవ్‌గా ప్రవేశపెట్టారు. తరువాత రెండు చక్రాల రకమూ వచ్చింది.

కాబట్టి ప్రకటనలో పేరు చూసి ఘాట్ దిగి వెళ్లడం దండగ. ఫోనులోనే ఆర్‌సీలోని పూర్తి నమూనా పేరు అడగాలి. గేరు దగ్గర ఉండే రెండో లివరు లేదా డాష్‌బోర్డుపై ఉండే తిప్పుడు మీట ఫొటో పంపమనాలి. అది లేకపోతే చాలా నమూనాల్లో ఆ బండి ఫోర్‌వీల్ డ్రైవ్ కానట్టే.

సీట్ల లెక్క.. కూర్చుని చూడాలి

విశాలమైన బండి అంటే బయటికి పెద్దగా కనిపించేది కాదు. సఫారీ స్టార్మ్‌లోను, అనేక పాత స్కార్పియోల్లోను వెనుక సీట్లు ఎదురెదురుగా, పక్కకు తిరిగి ఉంటాయి. సంతకు వెళ్లి రావడానికి అవి చాలు. మలుపుల ఘాట్‌లో గంటల తరబడి కూర్చుంటే పెద్దలకు తల తిరుగుతుంది. ప్రమాదం జరిగితే ముందుకు తిరిగి, బెల్టు పెట్టుకొని కూర్చున్నవారికి ఉండే రక్షణ వాటిలో ఉండదు. ఫార్చూనర్, ఎక్స్‌యూవీ500, ఇసుజు ఎంయూ-ఎక్స్ వంటి వాటిలో మూడో వరుస ముందుకే తిరిగి ఉంటుంది. అయితే ఆ వరుస వేస్తే సామాన్లకు చోటు తగ్గిపోతుంది. 2020లో వచ్చిన మూడు తలుపుల థార్, 2023లో వచ్చిన జిమ్నీ ఎంత సమర్థమైనవైనా నలుగురికే. పెద్ద కుటుంబానికి చాలవు.

ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడటం ఉత్తమం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఆ ఎత్తు ఎక్కగలరా, మధ్య సీటు మడిస్తే ఒక మనిషిని పడుకోబెట్టే వీలుందా, రెండు బస్తాలు పెట్టాక వెనుక తలుపు మూసుకుంటుందా అన్నవి అక్కడికక్కడే తేలిపోతాయి. ఆర్‌సీలో రాసిన సీట్ల సంఖ్యలో డ్రైవరు కూడా కలిసే ఉంటాడు. అంతకు మించి ఎక్కిస్తే చట్టం ఒప్పుకోదు. పైకప్పుపై బరువు వేస్తే ఎత్తైన బండి మలుపులో బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది.

విడిభాగాలు ఎంత దూరంలో దొరుకుతాయి?

నమ్మకమైన బండి అంటే ఎన్నడూ చెడనిది కాదు, చెడితే దగ్గరలో బాగుపడేది. పాడేరు, చింతపల్లి వాసులకు పెద్ద షెడ్డులు అనకాపల్లి, నర్సీపట్నం, విశాఖపట్నాల్లోనే. మహీంద్రా జీపులు, బొలెరోలు మన్యంలో విరివిగా తిరుగుతాయి కనుక వాటి సంగతి తెలిసిన మెకానిక్కులు తేలిగ్గా దొరుకుతారు. మారుతి జిప్సీ 1985లో వచ్చి 2019లో ఆగిపోయింది. తేలికైన బండి, పెట్రోలు ఇంజిను, సరళమైన యంత్రం. అడుసులో దీనికి మంచి పేరుంది. కానీ వెనుక కూర్చునేవారికి కుదుపులు తప్పవు, చోటూ తక్కువ.

తక్కువ ధరకు దొరికే పెద్ద విదేశీ కంపెనీల బండ్ల విషయంలో తొందరపడరాదు. షెవర్లే బండ్ల అమ్మకాలను జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీ నిలిపివేతను ప్రకటించింది. ఇటువంటి బండి ఎంత బాగున్నా ట్రాన్స్‌ఫర్ కేసు భాగమో, ఎలక్ట్రానిక్ మాడ్యూలో పోతే ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లకు వస్తుంది అన్నది కొనకముందే విచారించుకోవాలి. ఇసుజు వాహనాలు మన రాష్ట్రంలోని శ్రీసిటీ కర్మాగారంలోనే 2016 నుంచి తయారవుతున్నాయి. అయినా సర్వీసు కేంద్రం ఎంత దూరమో చూసుకోవలసిందే. ఏ బండికైనా బయానా ఇవ్వకముందే క్లచ్, టైర్ల సెట్టు, షాక్ అబ్జార్బర్లు, ముందు యాక్సిల్ షాఫ్టుల ధరలు కనుక్కుంటే అసలు ఖర్చు అర్థమవుతుంది.

పరీక్ష ఇలా..

బండిని పగటి పూట, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. అమ్మేవారు ముందే స్టార్టు చేసి ఉంచితే బానెట్‌పై చెయ్యి పెడితే తెలిసిపోతుంది. స్టార్టు చేయగానే వచ్చే పొగ నీలంగా ఉంటే ఆయిలు మండుతోందని అర్థం. తెల్లని పొగ ఆగకుండా వస్తుంటే కూలెంటు ఇంజినులోకి పోతున్నదేమో చూడాలి.

తరువాత బండి కింద చూడాలి. విశాఖ తీరంలో తిరిగిన వాహనాలకు ఉప్పుగాలి వల్ల చాసిస్ తుప్పు పడుతుంది. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే దాని కింద ఏముందో సుత్తితో మెల్లగా తట్టి చూడాలి. చాసిస్‌పై అతుకుల వెల్డింగు కనిపిస్తే ఆ బండిని వదిలేయడమే మంచిది. ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనుక డిఫరెన్షియల్ పెట్టెల ఆయిలును కొద్దిగా తీయించి చూడాలి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే గెడ్డల్లో దిగినప్పుడు నీరు చేరిందని అర్థం. ముందు చక్రాల వద్ద షాఫ్టులకు ఉండే రబ్బరు తొడుగులు చిరిగితే లోపలికి మట్టి పోయి జాయింట్లు అరుగుతాయి.

నాలుగు టైర్ల కొలత ఒక్కటే కావాలి. అరుగుదల కూడా ఇంచుమించు సమానంగా ఉండాలి. ముందు ఒక రకం, వెనుక ఒక రకం వేసి ఫోర్‌వీల్‌లో నడిపితే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. స్టెప్నీ కూడా అదే కొలత కావాలి.

అసలు పరీక్ష తారురోడ్డుపై జరగదు. వదులు మట్టి ఉన్న చిన్న ఎత్తు వెతకాలి. అక్కడ బండిని నిలిపి 2హెచ్‌లో కదిలిస్తే వెనుక చక్రాలు జారేటంత మట్టి ఉండాలి. అదే చోట 4హెచ్ వేస్తే జారుడు తగ్గి బండి ఎక్కాలి. సురక్షిత దూరంలో పక్కన నిలబడిన మనిషి ముందు చక్రాలు మట్టిని తన్నుతున్నాయో లేదో చూడాలి. డాష్‌బోర్డుపై దీపం వెలిగితే సరిపోయిందనుకోరాదు. కొన్ని నమూనాల్లో ముందు హబ్‌లను వ్యాక్యూమ్ కలుపుతుంది. సన్నని గొట్టం ఒకటి పగిలితే దీపం వెలిగినా చక్రానికి శక్తి అందకపోవచ్చు. ఆ తరువాత బండిని పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో ఉంచి 4ఎల్ వేయాలి. మొదటి గేరులో బండి నడక కంటే నిదానంగా, బలంగా పాకాలి. మలుపు తిప్పినప్పుడు ముందు నుంచి టకటక శబ్దం వస్తే జాయింట్లు అరిగినట్టే. తిరిగి 2హెచ్ వేస్తే వెంటనే వదలాలి. కాస్త వెనక్కి నడిపితే వదలడం కొన్ని బండ్లకు మామూలే.

‘ఇక్కడ మట్టి లేదు, ఫోర్‌వీల్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నా మాట నమ్మండి’ అని మధ్యవర్తి అంటే బేరం అక్కడితో ఆపడం మంచిది.

ఎక్కడం కంటే దిగడం కీలకం

ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికే తప్ప ఆపడానికి కాదు. అన్ని బండ్లకూ బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి. పైగా ఇవి బరువైనవి. ఘాట్‌లో బ్రేకు తొక్కుతూ దిగితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఏ గేరులో ఎక్కారో దాదాపు ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల సూత్రం నేటికీ చెల్లుతుంది. కాబట్టి పరీక్ష కోసం ఒకసారి ఘాట్ ఎక్కి దిగడం తప్పనిసరి. ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోందా, వేడి ముల్లు పైకి పోతోందా అన్నవి చూడాలి. దిగేటప్పుడు గేరు తనంతట తాను ఊడుతోందా, బ్రేకు ఒక పక్కకు లాగుతోందా అన్నవి గమనించాలి.

గెడ్డ విషయంలో ఏ బండీ మినహాయింపు కాదు. రెండడుగుల లోతు వేగంగా పారే నీరు పెద్ద వాహనాన్ని సైతం కొట్టుకుపోయేలా చేయగలదు. గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోతే ఇంజిను అక్కడే పాడవుతుంది.

2020 ఏప్రిల్ తరువాత అమ్మిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నిదానంగా తిరిగితే అది పూడుకుపోతుంది. వారానికొకసారైనా ప్రధాన రహదారిపై నిలకడగా నడిపే వీలున్నవారే అటువంటి బండి తీసుకోవాలి.

ఢిల్లీ బండి ఎందుకు చౌక?

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తరువాత అక్కడి పెద్ద డీజిల్ బండ్లు ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. ధర ఆకర్షణీయంగానే ఉంటుంది. అయితే అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం లేకుండా ఇక్కడ నమోదు కాదు. ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. ఆ మొత్తం ఎంతో కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో లెక్క వేయించుకోవాలి. రవాణా ఖర్చు, పన్ను, మధ్యవర్తి కమీషను కలిపితే స్థానిక బండి ధరకు దగ్గర పడటం విశేషమేమీ కాదు. పైగా ఆ బండి చరిత్ర చెప్పేవారు ఇక్కడ ఎవరూ ఉండరు.

కాగితాల్లో తప్పనిసరి

ఆర్‌సీపై ఉన్న చాసిస్, ఇంజిను నంబర్లను బండిపై ఉన్నవాటితో స్వయంగా సరిచూడాలి. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే నమోదు, బీమా వివరాలు తెలుస్తాయి. చలానాల బకాయిలు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. అప్పు తీరిపోయిందని నోటిమాటగా చెబితే చాలదు. బ్యాంకు పత్రంతో, ఫారం 35తో ఆర్‌సీలో హైపోథికేషన్ తొలగాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 కావాలి. కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బీమాను 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోవాలి.

సంతకాలు చేయించుకుని ఆర్‌సీ పాత పేరుతోనే ఉంచడం ఇరువురికీ ముప్పే. బండి అమ్మేసినా రికార్డుల్లో పేరు మారకపోతే ప్రమాద పరిహారం బాధ్యత నమోదైన యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. డీలరు ద్వారా కొనేవారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆ డీలరుకు రవాణా శాఖ అనుమతి ఉందో లేదో అడగాలి. సొంత వాహనాలకు తొలి నమోదు 15 ఏళ్లే. ఆపై తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి గణనీయంగా పెంచారు. గడువు దగ్గర పడిన బండికి ఆ మేరకు ధర తగ్గించి అడగాలి.

లంబసింగి, వంజంగి పర్యాటకులను తిప్పి వాయిదాలు కట్టవచ్చునని లెక్క వేసుకునేవారు మరో మాట గుర్తుంచుకోవాలి. తెల్ల నంబరు బండిని అద్దెకు తిప్పడం నిబంధనలకు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు.

చేతిలో ఉన్నదంతా ధరకే పెట్టరాదు

అనుకున్న మొత్తంలో అయిదో వంతు పక్కన ఉంచుకుని మిగిలినదానిలో బండి వెతకడం మంచిది. కొన్న వెంటనే ఇంజిను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియల్ పెట్టెల ఆయిళ్లు మార్పించాలి. బ్రేకులు, బెల్టులు, హోసులు చూపించాలి. టైర్లు పాతబడితే నాలుగూ ఒకేసారి మార్చాలి. మెకానిక్‌కు ఇచ్చే తనిఖీ కూలి వృథా ఖర్చు కాదు. అయితే ఆ మెకానిక్ అమ్మేవారు చూపించిన మనిషి కాకూడదు.

బండి ఇంటికి వచ్చాక నెలకోసారైనా మట్టినేలపై కొద్ది దూరం 4హెచ్‌లో, 4ఎల్‌లో నడపాలి. లోపలి భాగాలకు ఆయిలు అంది బిగుసుకోకుండా ఉంటాయి. తాడు, పార, గాలి పంపు బండిలోనే ఉంచుకోవాలి. వానాకాలం రాకముందే, మే నెలలో ఒక పూట కేటాయించి ఊరి దారిలో అన్నీ మరోసారి సరిచూసుకుంటే, జులైలో అర్ధరాత్రి ఎవరైనా తలుపు తట్టినా తడబడకుండా తాళం తీసుకోవచ్చు.